లద్దాఫోళ్ళంటే ఎవరు?

కుసుమంచి బస్‌స్టాండ్ దగ్గర నిలబడి "షేక్ సాబ్!" అని గట్టిగా ఒక్క కేక వెయ్యండి. చాయ్ దుకాణం ముందు కూర్చున్న ముసలాయన తల తిప్పుతాడు. ఆటోలో ఒరిగి పడుకున్న పోరడు లేచి చూస్తాడు. మటన్ కొట్టు లోపల్నుంచి ఇంకొకరు తొంగిచూస్తారు. ముగ్గురికీ చుట్టరికం ఏమీ ఉండదు, ముగ్గురూ షేక్‌లే. ఓటర్ల లిస్టులో మనోళ్ళ వాడకట్టు పేజీ తీసినా అంతే: షేక్, మహ్మద్, సయ్యద్, పఠాన్. మధ్యలో ఎక్కడో ఒక మొఘల్. పక్క పేజీలో హిందువుల ఇళ్ళు చూడండి, ఎన్ని ఇళ్ళో అన్ని ఇంటిపేర్లు. ఊరి పేరుతో, చెట్టు పేరుతో, తాతల పనితో. మనకు మాత్రం ఎవరో నాలుగు సంచులు తెచ్చి అందర్నీ అందులో సర్దిపోయినట్టుంటుంది.

ఈ మాట ఇప్పుడెందుకంటే, డీఎస్సీకి చదువుకుంటున్న మా భాంజీ మొన్నామధ్య సర్కారు కులాల జాబితా ముందేసుకుని నన్నడిగింది: "మామూ, లద్దాఫోళ్ళంటే ఎవరు?" పక్కనే వాళ్ళ నాన్న, అంటే మా బావ, చాయ్ తాగుతున్నాడు. ఆయన గిలాసు కింద పెట్టిన చప్పుడుకే నాకు అర్థమైంది, ఈ సవాలుకు జవాబు చెప్పడం అంత ఆసాన్ కాదని.

ముందు షేక్ సంగతి. అరబ్బీలో షేక్ అంటే పెద్దమనిషి. కబీలాకు సర్దార్, చదువు చెప్పే ఉస్తాద్, దారి చూపే పీర్. అది ఇంటిపేరు కాదు, లఖబ్. మన దేశంలో కొత్తగా కల్మా చదివిన ఎన్నో ఖాందాన్లకు ఈ లఖబే ఇజ్జతుగా దొరికింది. నిజాం జమానా కాగితాల్లో మనిషిని గుర్తుపట్టే పద్ధతి వేరు: ఫలానా, వల్ద్ ఫలానా, సాకిన్ ఫలానా ఊరు. కొడుకు, తండ్రి, ఊరు. అక్కడితో పని అయిపోయేది. తర్వాత బడి రిజిస్టర్లు, దరఖాస్తు ఫారాలు వచ్చి "ఇంటిపేరు?" అని అడిగాయి. తెలుగోళ్ళకు ఇంటిపేరు ముందు రాయడం అలవాటు. మన పేర్లకు ముందు ఏముంది? షేక్ ఉంది. లఖబ్ కాస్తా ఇంటిపేరయి కూర్చుంది. ఏకులా వచ్చి మేకయిందంటారే, అట్లా.

అందుకే ప్రపంచంలో ఎక్కడైనా ఇంగ్లిషు స్పెల్లింగులో 'ఎస్-హెచ్-ఏ-ఐ-కె' అని, హెచ్ ఒక్కటే పెట్టి, 'ఇ' లేకుండా రాసినవాడు కనిపిస్తే తెలుగోడేమో అని నాకు అనుమానం వస్తుంది. బొంబాయి వైపు చివర ఇంకో హెచ్ తగిలిస్తారు. ఉత్తరాదిన, పాకిస్తాన్‌లో 'ఇ' ఎక్కువ. మన పిల్లలు దుబాయ్‌లో దిగితే ఇంకో తమాషా. పాస్‌పోర్టులో ఇంటిపేరు షేక్, చేతిలో డ్రైవర్ వీసా. అక్కడి అసలు షేక్‌లకు ఇదేం అర్థమవుతుందో అల్లాహ్‌కే తెలియాలి.

మన జిల్లాలో పేర్లు గోడలు దూకాయి గానీ ఇంటిపేర్లు దూకలేదు. జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కుకుని సైదులు, సైదయ్య, సైదమ్మ అని పెట్టుకున్నోళ్ళు అన్ని కులాల్లోనూ ఉన్నారు. అన్నారం యాకూబ్ షావలీ పేరు మీద మనకు యాకూబ్‌లున్నారు, వాళ్ళకు యాకయ్యలున్నారు. బడిలో "సైదులూ" అని పిలిస్తే హిందువా, తురకా తెలియదు. ఇంటిపేరు చదివినప్పుడే తెలుస్తుంది. అంటే మన దగ్గర ఇంటిపేరు చేసే పని ఖాందాన్ ఏదో చెప్పడం కాదు, సరిహద్దు గీయడం. షేక్ అన్నాక ఇక ఏ షేక్ అని బయటివాళ్ళు అడగరు. లోపలివాళ్ళు మాత్రం అడుగుతారు. రిష్తా మాట్లాడేటప్పుడు మొదట అడిగేది అదే.

ఇక భాంజీ సవాలుకొస్తా. లద్దాఫ్ అంటే మనమే.

అరబ్బీలో నద్దాఫ్ అంటే దూది ఏకేవాడు. మన నోళ్ళలో న కాస్తా ల అయింది. వింతేం కాదు. నంబర్‌దార్ అన్నమాట ఉత్తరాదిన లంబర్‌దార్ కాలేదా? మన పల్లెల్లో ఇప్పటికీ ఫోన్ లంబరు చెప్పమంటారు కదా. అదే పనికి తెలుగులో దూదేకుల: దూది ఏకేవాళ్ళు. పింజారి కూడా ఆ పని పేరే, దూదిని పింజలు పింజలుగా విడదీసేవాడు. నూర్‌బాషా అంటే ఏదో దివ్యమైన నూర్ అనుకుంటారు చాలామంది. ఫార్సీలో నూర్‌బాఫ్ అంటే నేతగాడు, దానికి మన నోట్లో నగిషీ పడి నూర్‌బాషా అయింది. ఒక్క విల్లు, ఒక్క దూది కుప్ప, నాలుగు పేర్లు. సర్కారు బీసీ-బి జాబితాలో ఈ నాలుగూ ఒక్క గాటన కట్టి ఉంటాయి.

వీటిలో దూదేకుల, నూర్‌బాషా ఇంటిపేర్లుగా గుంటూరు, కర్నూలు వైపు బాగానే వినిపిస్తాయి. లద్దాఫ్ అరుదు. మా వైపు కాగితాల్లో ఉంటుంది గానీ మనుషుల మీద ఉండదు. కర్ణాటకలో ధార్వాడ, బెళగావి వైపు వెళ్ళి చూడండి, నదాఫ్ అని దుకాణాల బోర్డుల మీదే రాసుకుంటారు. సిరియా, ఫలస్తీన్‌లో నద్దాఫ్ ఇంటిపేరున్న వాళ్ళలో ముసల్మానులే కాదు, ఈసాయీలూ ఉన్నారు. అదే పనికి ఇంకో అరబ్బీ మాట హల్లాజ్. 922లో బగ్దాద్‌లో సూలీ ఎక్కించిన మన్సూర్ హల్లాజ్ పేరులోని హల్లాజ్ అదే. ఉత్తరాదిలో మన పని చేసే ధునియా బిరాదరీ ఆయన పేరు తీసుకుని మన్సూరీ అయింది. ఫరీదుద్దీన్ అత్తార్ పేరులో అత్తరు దుకాణం ఉంది, ఉమర్ ఖయ్యామ్ పేరులో డేరాలు కుట్టే పని ఉంది. వాళ్ళను తల్చుకున్నప్పుడు ఎవరూ ముక్కు విరవరు. మన చట్టం జాబితాలో 'అత్తర్ సాయిబులు' అని చదివినప్పుడు మాత్రం అదేదో కింది మాట అయిపోతుంది. ఒకే మాట కదా!

పని పేరు ఖాందాన్ పేరుగా నిలబడ్డ ముసల్మానుల దేశం చూడాలంటే బోస్నియా వైపు చూడాలి. అక్కడి మన మతస్థులు మాట్లాడేది స్లావ్ భాష, ఇంటిపేర్లలో మాత్రం ఉస్మానీ తుర్కుల కాలం ఉండిపోయింది. మాట వాళ్ళది కాదు, చివర 'ఇచ్' వాళ్ళది. హోజిచ్ అనే ఇంటిపేరు అక్కడ చాలా మామూలు. హోజా అంటే మన ఖ్వాజా, మన ఊళ్ళో ఖాజామియా పేరులో ఉన్న ఖాజా. స్పాహిచ్‌లో సిపాహీ ఉన్నాడు. తెర్జిచ్‌లో దర్జీ. కసపోవిచ్‌లో కసాబ్. ముయెజినోవిచ్ అంటే అజాన్ ఇచ్చే మువజ్జిన్ వంశం, హఫిజోవిచ్ అంటే హాఫిజ్ వంశం. ఈ పేర్లు మొదట చదివినప్పుడు నాకు పరాయి దేశం చదువుతున్నట్టు లేదు. మా మొహల్లాకు ఎవరో కోటు తొడిగినట్టుంది. దర్జీ కొడుకు దర్జీ ఇంటిపేరుతోనే డాక్టరవుతాడు, ప్రొఫెసరవుతాడు, ఆ పేరు మార్చుకోడు. ఆ పేర్లకు కష్టకాలమూ వచ్చింది. 1992 నుంచి 1995 దాకా జరిగిన యుద్ధంలో పేరు చూస్తే చాలు మనిషి ఎవరో తెలిసిపోయేది. 1995 జులైలో స్రెబ్రెనిత్సాలో ఎనిమిది వేల మందికి పైగా మగవాళ్ళనీ, మగపిల్లలనీ చంపేశారు. పొతొచారి కబరస్తాన్‌లో ఇప్పుడు ఆ ఇంటిపేర్లు రాళ్ళ మీద వరసగా ఉన్నాయి, ఒక్కో ఇంటిపేరు కింద తండ్రి, కొడుకులు, అన్నదమ్ములు.

మరి మనమెందుకు దాచుకున్నాం?

మా నాయన పని నాకు బాగా గుర్తు. మనిషెత్తు విల్లు, దానికి జంతువు నరంతో చేసిన తాడు. కుప్పలో ఆ తాడు ఆనించి కొయ్యగుండుతో కొడితే తుంయ్ తుంయ్ మంటూ దూది లేచేది. ఎండలో చూస్తే గది నిండా మంచు పడ్డట్టుండేది. కనుబొమ్మల మీద, మీసాల మీద, అన్నంలో దూదే. రాత్రిళ్ళు దగ్గు. ఆ దగ్గుకు బీడీలే కారణమని అమ్మ తిట్టేది, కానీ దూది దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో డాక్టర్లకు ఎప్పుడో తెలుసు. విల్లు భుజానేసుకుని జీళ్ళచెరువు, పాలేరు, నాయకన్‌గూడెం, నేలకొండపల్లి తిరిగేవాడు. పెళ్ళిళ్ళ సీజన్‌కు ముందు తీరిక ఉండేది కాదు. ఏ కులం పెళ్ళికూతురైనా మా నాయన ఏకిన దూది మీదే కాపురం మొదలుపెట్టేది. పరుపు కుట్టాక చివరి కుట్టు వేస్తూ ఆయన మెల్లగా బిస్మిల్లా అనడం ఎంతమంది విన్నారో నాకు తెలియదు. తర్వాత మిషన్లొచ్చాయి, ఫోమ్ పరుపులొచ్చాయి. ఇప్పుడు ఆ విల్లు మా అటక మీదుంది, తాడు లేదు.

పని పోయింది సరే. పేరు అంతకుముందే పోయింది. ఎందుకు పోయిందో అర్థం కావాలంటే తెలుగు తిట్లు వినాలి. "పింజారి వెధవ" అనేది సినిమాల్లో నవ్వించే మాట. మంచి చదువుకున్నోళ్ళు కూడా అందులో ఒక బిరాదరీ పేరుందని తెలియకుండానే అనేస్తారు. ఇంకో సామెత ఉంది: తురకలు లేని ఊళ్ళో దూదేకులవాడే ముల్లా. కొందరు సయ్యద్ అంటారు. ఈ సామెత హిందువులొక్కరే వాడతారని అనుకోకండి. ఇంట్లో తెలుగు మాట్లాడతామని, నమాజ్ సరిగ్గా రాదని, పేర్లలో అయ్యలు, అమ్మలు ఉన్నాయని మనోళ్ళే మనల్ని ఎంత మాటలన్నారో. అటు తిట్టు, ఇటు ఎగతాళి. మధ్యలో షేక్ అనే గొడుగు దొరికింది, దాని కిందికి వెళ్ళాం. మా తాతను నేను తప్పు పట్టను. సూరహ్ హుజురాత్‌లో ఒకరికొకరు వెక్కిరింపు పేర్లు పెట్టుకోవద్దని హుకుం ఉంది. దాన్ని జుమా ఖుత్బాలో వింటాం, బయటికొచ్చి చెప్పులు వేసుకునేలోపు మర్చిపోతాం.

మా తాత ఇంకో పని కూడా చేశాడు. ఇంట్లో "నాయనా" అని పిలిచే పిల్లల్ని ఉర్దూ మీడియంలో వేశాడు. మేం పక్కా షేక్‌లు కావాలని ఆయన ఆర్జూ. ఖమ్మంలో నా క్లాసులో అందరూ ఇంటి నుంచే ఉర్దూ తెచ్చుకున్నోళ్ళు. నా ఉర్దూ వినగానే వెనక బెంచీ నుంచి ఒకడు నోటితో తుంయ్ తుంయ్ అనేవాడు. మాస్టర్ కూడా ఓ చిరునవ్వు నవ్వేవాడు. తర్వాత నేను కాలేజీలో తెలుగు తీసుకున్నానంటే అందులో ఆ తుంయ్ తుంయ్ వాటా కొంత ఉంది.

పేరు దాచుకోని మనిషీ ఉన్నాడు. బుర్రకథ నాజర్. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన దూదేకుల బిడ్డ, 1920 నుంచి 1997 దాకా బతికాడు, 1986లో పద్మశ్రీ తీసుకున్నాడు. లోకానికి ఆయన షేక్ నాజర్. తన జీవితకథకు మాత్రం పెట్టుకున్న పేరు 'పింజారి'. తిట్టును తీసుకుని అట్ట మీద వేసుకున్నాడు. మా బావకు ఈ సంగతి చెప్తే, "ఆయనకేం, పద్మశ్రీ ఉంది, ఏ పేరైనా పెట్టుకుంటడు" అన్నాడు. కొట్టిపారెయ్యలేని మాట.

ఇప్పుడు చట్టం సంగతి చెప్పకపోతే భాంజీ కష్టం అర్థం కాదు. మనోళ్ళలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషాలు 1970 నుంచీ బీసీ-బి. ఆ గుంపుకు పది శాతం. పి.ఎస్.కృష్ణన్ నివేదిక తర్వాత 2007లో వచ్చిన చట్టం బీసీ-ఇ పెట్టి నాలుగు శాతం ఇచ్చింది. అందులో అచ్చుకట్లవాళ్ళు, అత్తర్ సాయిబులు, ఫకీర్లు, హజాములు, ఖురేషీ కసాబులు, హబ్షీలు ఇట్లా పేరుపేరునా ఉన్నారు. షేక్ కూడా ఒక గుంపుగానే ఉంది. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బొహ్రా, నవాయత్ వగైరాలను బయట పెట్టారు. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. అంటే ఒకప్పుడు ఇజ్జతు కోసం పెట్టుకున్న లఖబ్ ఇవాళ సర్టిఫికెట్‌లో ఒక గడి. తాత ఏ సంచిలోకి దూకాడో దాన్ని బట్టి మనవరాలికి ఉద్యోగం. రిక్షా తొక్కే సయ్యద్ ఒకాయన నాతో అన్నాడు, "మా దాదాకు కొంచెం తక్కువ షరాఫత్ ఉంటే బాగుండేది భాయ్." నవ్వాను గానీ నవ్వు మిగల్లేదు.

భాంజీ పదో తరగతి మెమోలో షేక్. ఆధార్‌లో షేక్. మా బావ లెక్క సీదాగా ఉంది: షేక్ అని ఉంది కాబట్టి బీసీ-ఇ తీసుకుందాం, ఎవరూ అడగరు, పని అయిపోతుంది. పైగా ఖమ్మం నుంచి ఓ రిష్తా నడుస్తోంది. అబ్బాయి మంచివాడు, సాఫ్ట్‌వేర్. వాళ్ళు షేక్‌లనే నమ్మకంతో వచ్చారు. ఈ టైములో కొత్తగా లద్దాఫ్ అని కాగితం తీసుకొస్తే ఏమవుతుంది? "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడ్తది" అన్నాడు బావ. మా అక్క ఏమీ అనలేదు. ఆమె అట్లా మాట్లాడకుండా ఉంటే బావ వైపు అని అర్థం.

భాంజీ ఒక్కటే అంది: "కానిది రాసి నౌకరీ తెచ్చుకుంటే అది హలాల్ జీతమా మామూ?"

తహసీల్ నుంచి విచారణకు వచ్చినాయన కూడా తేలిగ్గా వదల్లేదు. "మీరు షేక్ అని రాసుకున్నరు గద, దూదేకుల ఎట్లైతరు? ఆధారం చూపెట్టండి" అన్నాడు. ఆయన అడగడంలో తప్పు లేదు. ఆధారాలన్నీ మేమే చెరిపేసుకున్నాం మరి.

అప్పుడు మా అమ్మ ట్రంకు పెట్టెలోంచి ఓ గుడ్డ మూట తీసింది. అందులో ఇంటి స్థలం తాలూకు పాత ఉర్దూ దస్తావేజు. మడతల దగ్గర చిరిగిపోయింది, షికస్తా రాత, నుక్తాలు సగం లేవు. ఇంట్లో దాన్ని చదవగలిగింది నేనొక్కణ్ణే. ముత్తాత పేరు, వల్ద్ ఫలానా, కౌమ్ లద్దాఫ్, సాకిన్ కుసుమంచి, తాలూకా ఖమ్మం, జిలా వరంగల్. 1953లో ఖమ్మం జిల్లా కాకముందు కాగితం. ముత్తాత పేరుకు ముందు షేక్ లేదు. ఉట్టి పేరే, చివర పని. మా తాత మమ్మల్ని షేక్‌లను చేయడానికి నేర్పించిన ఉర్దూతో ఆ మాటను నేనే బయటికి చదివాను. అమ్మ చీర కొంగుతో ఆ కాగితం మీద దుమ్ము తుడిచి, "మీ తాత దీన్ని ఎందుకు కాల్చెయ్యలేదో" అంది.

తెలుగులో తర్జుమా రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను. తిప్పారు, మళ్ళీ తిప్పారు, ఆఖరుకు సర్టిఫికెట్ వచ్చింది. పేరు ముందు షేక్ అట్లాగే ఉంది, కులం గడిలో దూదేకుల, లద్దాఫ్. మా ఇంట్లో ఆ రెండు మాటలు ఒకే కాగితం మీద పక్కపక్కన ఉండటం అదే మొదటిసారి. బావ దాన్ని రెండు జిరాక్సులు తీయించి, అసలుది బీరువాలో పెట్టాడు.

రిష్తా వాళ్ళకు చెప్పేది ఎవరని మూడు రోజులు నడిచింది. నేను చెప్తానంటే బావ వద్దన్నాడు. ఆడపిల్ల తండ్రిగా తానే చెప్పాలన్నాడు. ఫోన్ పట్టుకుని వాకిట్లోకి వెళ్ళి, అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడాడు. ఉర్దూలోనే మొదలుపెట్టాడు, మధ్యలో తెలుగులోకి వచ్చేశాడు. అవతలివాళ్ళు మర్యాదగానే "సోచ్‌కే బోల్తే" అన్నారట. ఇరవై రోజులవుతోంది. భాంజీ డీఎస్సీ పుస్తకాలు ముందేసుకుని చదువుకుంటోంది. బావ ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టి దాని పక్కనే కూర్చుంటున్నాడు.